పక్క గదిలో సన్నాయి: 14 ఏళ్ళు విన్నాక

షేక్ చినమౌలానా గారి నాదస్వరం, అదే మనం సన్నాయి అనేది, మా ఇంట్లో మోగడం మొదలై 14 ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో కనీసం పాతికమందికి వినమని చెప్పి ఉంటాను. మొదటి పదేళ్ళూ ఒక్కరంటే ఒక్కరు రెండోసారి పెట్టుకుని వినలేదు. ఆ తర్వాత విన్నారు, ఇప్పటికీ వింటున్నారు. అవే రాగాలు, అవే రికార్డింగులు. మారింది స్పీకర్ పెట్టిన చోటు ఒక్కటే. నేను చెప్పబోయేది కూడా ఎక్కువగా దాని గురించే.

మాది ఒంగోలు దగ్గర పల్లె. ఆయన పుట్టిన కరవది మాకు సైకిలు దూరం. చిలకలూరిపేటలో ఆదం సాహెబు గారి దగ్గర నేర్చుకున్నవాడు, తంజావూరు బాణీ మీద మనసుపడి తమిళనాడులోని నాచ్చియార్‌కోయిల్ దాకా వెళ్ళి, చివరికి శ్రీరంగంలోనే స్థిరపడిపోయాడని మా నాన్న ఎవరొచ్చినా చెప్పేవారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ళు ఆయనకి సంగీత కళానిధి బిరుదు ఇచ్చినప్పుడు మా ఇంట్లో పండగే. కాబట్టి నా చెవి ముందే ఆయన వైపు వంగి ఉంది. ఇది మొదటే చెప్పెయ్యడం న్యాయం.

ఇంత ఇష్టం ఉండి కూడా నేను చేసిన పొరపాటు ఏమిటంటే, అందరికీ ఫోన్లో పంపడం. లింకు పంపి, "ఒక్క పది నిమిషాలు వినండి చాలు" అని బతిమాలేవాణ్ణి. ఆఫీసులో నా పక్క సీటు అబ్బాయి నా మాట మన్నించి రైల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. మర్నాడు వచ్చి, "సార్, తలనొప్పి వచ్చింది, ఏమీ అనుకోకండి" అన్నాడు. మా పిన్ని కూతురు ఫోన్ స్పీకర్లో పెట్టుకుని వంట చేస్తూ వింది. "అన్నయ్యా, కల్యాణ మంటపంలో కూర్చున్నట్టుంది, పప్పన్నం ఎప్పుడు పెడతారా అనిపించింది" అంది. ఆ మాటకి నాకు నిజంగానే బాధేసింది. ఎక్కడో పైషడ్జం (పై స్థాయి "స") మీద ఆయన నిలబడిన తీరు గురించి నేను చెబుతుంటే, వాళ్ళకి గట్టిమేళం వినపడుతోంది. తప్పు వాళ్ళదేనని, మనవాళ్ళకి సన్నాయంటే పెళ్ళి చప్పుడేనని చాలాకాలం నిష్ఠూరంగానే ఉన్నాను.

నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం మా అక్కా బావగారూ చీరాల నుంచి హైదరాబాదు వచ్చారు. బావగారికి పాత సినిమా పాటలు ప్రాణం. సన్నాయి అంటే మాత్రం, "ఏవయ్యా, మళ్ళీ మొదలెట్టావా, ఆపవయ్యా బాబూ" అంటారు. అందుకని ఆయన ఉన్నంతసేపూ హాల్లో పెట్టను. ఆ రోజు పొద్దున్నే ఆయన బాల్కనీలో పేపరు, కాఫీ పెట్టుకుని కూర్చున్నారు. నేను వెనక పడకగదిలో బట్టలు మడతపెడుతూ, స్పీకర్ అలమారా మీద పెట్టి తోడి రాగం వేసుకున్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. బాల్కనీకీ ఆ గదికీ మధ్య హాలు, వంటిల్లు రెండూ ఉన్నాయి.

అరగంట దాటాక ఆయన లోపలికొచ్చారు. చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉంది, సగం తాగి వదిలేసిన కాఫీ మీద మీగడ కట్టింది. "ఇక్కడ దగ్గర్లో గుడి ఉందా? ఎవరో మహానుభావుడు వాయిస్తున్నాడు. ఇందాకట్నుంచీ వింటున్నా. ఒకసారి వెళ్ళి చూసొద్దాం పద" అన్నారు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మా వీధిలో గుడి లేదు. పడకగది తలుపు తీసి స్పీకర్ చూపించాను. ఆయన నమ్మలేదు. దగ్గరికెళ్ళి నిలబడి రెండు నిమిషాలు విని, "ఇది కాదు. అక్కడ వేరేగా ఉంది" అంటూ మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళిపోయారు. కాసేపటికి అక్కడి నుంచే కేకేశారు: "ఇదేనయ్యా! దీన్ని ఇక్కణ్ణుంచి వినాలి!"

ఆయన వెనకే వెళ్ళి నేనూ అక్కడ కూర్చున్నాను. పదేళ్ళుగా వింటున్న అదే తోడి నాకు ఆ రోజు కొత్తగా వినపడింది. చెవిని కోసే పదును పోయింది. ఒకదానితో ఒకటి పెనవేసుకుని వచ్చే స్వరాలు గాలిలో కాస్త కరిగి, వంపులు వంపులుగా చేరుతున్నాయి. ముఖ్యంగా గాంధారం, అంటే "గ" స్వరం. తోడిలో గాంధారం కుదురుగా ఒకచోట నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. దగ్గర నుంచి వింటే ఆ ఊపు మన మీదికి వచ్చి పడుతున్నట్టుంటుంది. దూరం నుంచి వింటే ఎవరో తమలో తాము మాట్లాడుకుంటున్నట్టుంటుంది. డోలు కూడా అంతే. పక్కనుంటే దెబ్బ, దూరమైతే నడక.

తర్వాత ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదనిపించింది. సన్నాయి పుట్టిందే ఆరుబయట మోగడానికి. మాడవీధుల్లో స్వామి ముందు నడుస్తూ వాయిస్తుంటే, మైకుల్లేని కాలంలో, వీధి చివర గుమ్మంలో నిలబడ్డ ఆవిడకి కూడా వినపడాలి. వాయించేవాడికీ వినేవాడికీ మధ్య ఖాళీ స్థలం ఉంటుందన్న లెక్కతోనే ఆ నాదానికి అంత బలం. అలాంటిదాని ముందు మైకు పెట్టి రికార్డు చేసి, కింది స్వరాలు సరిగా పలకని ఫోన్ స్పీకర్లో జానెడు దూరం నుంచో, ఇయర్‌ఫోన్లలో ఏకంగా చెవిలోనో వింటే తలనొప్పి రాక ఏం వస్తుంది? ఆ ఆఫీసు అబ్బాయి తప్పేమీ లేదు. అతన్ని పిలిచి చెప్పాను కూడా. ఇప్పుడు వాళ్ళింట్లో పొద్దున పూట వంటింట్లో పెట్టి, మేడ మీద మొక్కలకి నీళ్ళు పోస్తూ వింటున్నాడు.

ఎవరికైనా చెప్పేటప్పుడు నేను ఎక్కువగా చెప్పేది గాలి గురించి. ఆ పొడుగాటి చెక్క గొట్టానికి వేళ్ళతో మూసే రంధ్రాలు 7. మీటలేమీ ఉండవు. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న సందులు చాలావరకు పెదవి బిగింపుతోనూ ఊపిరి ఒత్తిడితోనూ పుట్టాల్సిందే. అందుకే అది గొంతులా పలుకుతుంది. చినమౌలానా గారిలో నాకు ఎంతకీ తీరనిది ఆ ఊపిరి ఆగే చోటు. ఒక పెద్ద సంగతి (స్వరాల అల్లిక) పైకి తీసుకెళ్ళి, షడ్జం మీద నిలిపి, కొంచెం కొంచెంగా పలచబరుస్తూ వదిలేస్తారు. ఆయన వదిలేశాక కూడా వెనక ఆధారంగా పట్టిన శ్రుతి అలాగే మోగుతూ ఉంటుంది. ఎక్కడ ఆయన ఆగారో, ఎక్కడ శ్రుతి ఒక్కటే మిగిలిందో పట్టుకోవడానికి నేను ఎన్నిసార్లు ప్రయత్నించానో. పక్క గదిలో కూర్చుంటే ఆ గీత అసలు దొరకదు. అదే నాకు ఆనందం.

ఒకప్పుడు నేను గట్టిగా చెప్పిన మాటలు రెండు, మూడు ఇప్పుడు సవరించుకోవాలి. కొత్తవాళ్ళు తెలిసిన కీర్తనతో మొదలెట్టాలని అందరితో అనేవాణ్ణి. తెలిసిన పాటైతే పట్టు దొరుకుతుందని నా నమ్మకం. కానీ అవే కీర్తనలు పెళ్ళిళ్ళలోనూ వాయిస్తారు. అది వినపడగానే వాళ్ళ మనసు పీటల దగ్గరికి పోతోంది. పాట లేకుండా ఒట్టి రాగాన్నే పెంచుకుంటూ పోయే రాగ ఆలాపనతో మొదలెడితే ఆ ఇబ్బంది తక్కువ. అందులో డోలు మధ్యమధ్య పలకరించి ఊరుకుంటుంది కాబట్టి కొత్త చెవికి తేలిక కూడా. అయితే 40 నిమిషాల ఆలాపన మొదటి రోజే పెట్టకూడదు. 10, 12 నిమిషాల ముక్క చాలు.

చినమౌలానా గారు తప్ప ఇంకెవరూ వద్దని కూడా అనేవాణ్ణి. అదీ అన్యాయమే. ఆయనకే ఆదర్శమైన టి.ఎన్. రాజరత్తినం పిళ్ళై గారి తోడి వినకుండా ఈ మాట అనకూడదు. సన్నాయిలో తిమిరి అని పొట్టిది, బారి అని పొడుగుది ఉన్నాయి. బారిది తక్కువ శ్రుతి, నాదం గంభీరం. దాన్ని కచేరీల్లో నిలబెట్టింది పిళ్ళై గారే. పాత రికార్డుల్లో గరగర ఉంటుంది, నిజమే. పక్క గదిలో పెడితే ఆ గరగర కూడా చాలావరకు వినపడదు. ఇక చినమౌలానా గారి శిష్యులు, 2020లో పద్మశ్రీ ప్రకటించిన దంపతులు, షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ గార్ల జోడు సన్నాయి ఉంది. మా బావగారికి ఇప్పుడు వాళ్ళంటేనే ఎక్కువ ఇష్టం. రెండు సన్నాయిలు ఒకే గొంతై పోతుంటే ఆయన కుర్చీలో ముందుకి వంగి కూర్చుంటారు.

దూరం పెట్టినా కుదరనిది ఒకటుంది. మా అమ్మకి ఇది వినిపించలేకపోయాను. నాన్న పోయిన రెండో ఏడు ఒక సాయంత్రం, ఇలాగే లోపలి గదిలో పెట్టి, అమ్మని వరండాలో కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలకే, "ఆపరా, అక్కని పంపించిన రోజు గుర్తొస్తోంది. మీ నాన్న మొహం తిప్పుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు" అంది. ఆపేశాను. ఆవిడకి ఆ ధ్వని సంగీతం కాదు, ఆ రోజే. ఎన్ని గదుల అవతల పెట్టినా అది దగ్గరగానే ఉంటుంది. అప్పటి నుంచి ఎవరికైనా వినమని చెప్పే ముందు, ఇంట్లో ఈమధ్య పెళ్ళి గానీ, పోయినవాళ్ళు గానీ ఉన్నారేమో తెలుసుకుని చెబుతున్నాను.

ఇంకో చిన్న ఇబ్బంది. ఉచితంగా వినే యాప్‌లో రాగం మధ్యలో యాడ్ వచ్చి పడుతుంది. పక్క గదిలో ఉంటే పరిగెత్తుకెళ్ళి ఆపే వీలూ ఉండదు. కొన్న రికార్డింగులు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్పీకర్‌కి పెట్టుకోవడమే మేలు.

అందరికీ చెప్పొచ్చా అంటే, చెప్పలేను. మా ఫ్లాట్‌కి తూర్పు బాల్కనీ ఉంది, గదులు వరసగా ఉన్నాయి, పక్కింటివాళ్ళు పొద్దున్నే లేచే మనుషులు. ఒక్క గదిలో ఉండేవాళ్ళకి ఈ పద్ధతి కుదరదు. వాళ్ళు స్పీకర్‌ని గోడ వైపు తిప్పి, సౌండ్ బాగా తగ్గించి, తలుపు బయట వరండాలో నిలబడి చూడొచ్చు. మా ఆఫీసులో ఒకావిడ అలాగే వింటున్నారు, కొంతవరకు బాగుందన్నారు. రాత్రిపూట మాత్రం నాకే నచ్చలేదు. పొద్దున 6కీ 8కీ మధ్య, ఇంట్లో ఎవరి పనిలో వాళ్ళుండగా, కుక్కర్ ఇంకా కూత పెట్టకముందు అయితే చాలా బాగుంటుంది. బావగారు మొన్న ఫోన్ చేసి, చీరాలలో వాళ్ళ పెరటి గదిలో స్పీకర్ పెట్టించానని, వీధి అరుగు మీద కూర్చుంటే సరిగ్గా సరిపోతోందని చెప్పారు.