కార్బొనేటెడ్ నీటిలో ఏఓఎస్ సర్ఫాక్టెంట్: ఇసుకరాయికి సరే, సున్నపురాయి దగ్గరే చిక్కు

సుమారు 40 శాతం క్రియాశీల పదార్థంతో ద్రవరూపంలో దొరికే ఆల్ఫా ఓలెఫిన్ సల్ఫోనేట్‌ను, అంటే ఏఓఎస్ అనే సర్ఫాక్టెంట్‌ను (సబ్బులా చమురుకు, నీటికి మధ్య పనిచేసే రసాయనం), చమురు క్షేత్రాల వారు ఎక్కువగా నురగ కోసమే కొంటారు. కార్బన్ డయాక్సైడ్‌ను ఒత్తిడితో కరిగించిన నీటిలో దీన్ని కలిపి పంపితే, మామూలు నీటి ఇంజెక్షన్ తర్వాత రాతిలో మిగిలిపోయిన చమురు ఎంతవరకు కదులుతుందో కోర్ నమూనాల (రాతిని తొలిచి తీసిన ముక్కల) మీద పరీక్షించిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

కార్బొనేటెడ్ నీటి ఆలోచన కొత్తది కాదు; అమెరికాలోని ఓక్లహోమాలో 1958లోనే క్షేత్రస్థాయిలో ప్రయత్నించారు. నీటిలోని కార్బన్ డయాక్సైడ్ చమురులోకి చేరి దాన్ని ఉబ్బిస్తుంది, పలచబరుస్తుంది. వాయువును నేరుగా పంపితే తేలిక కావడం వల్ల పొర పైభాగానికి ఎగబాకుతుంది గానీ, కార్బొనేటెడ్ నీరు మామూలు నీటికంటే కాస్త బరువు కాబట్టి ఆ బెడద లేదు. అయితే చమురుకు, నీటికి మధ్య మీటరుకు 20 నుంచి 30 మిల్లీన్యూటన్ల మేర ఉండే తలతన్యత (రెండు ద్రవాలను కలవకుండా ఉంచే సరిహద్దు బలం) 0.001 దరిదాపులకు దిగితే తప్ప, సన్నని రంధ్రాల్లో చిక్కిన చుక్కలు బాగా విడివడవు. సర్ఫాక్టెంట్ అవసరం అక్కడే వస్తుంది.

ఈ సరుకు మెచ్చదగినది ఆమ్లాన్ని ఓర్చుకోవడంలో. ఒత్తిడిలో కార్బొనేటెడ్ నీటి పీహెచ్ 4 కంటే దిగువకు పోతుంది. సల్ఫేట్ రకం సర్ఫాక్టెంట్లు ఆమ్లానికి వేడి తోడైతే విచ్ఛిన్నమవుతాయి, సల్ఫోనేట్ నిలుస్తుంది. కానీ తలతన్యతను అంత కిందికి దించడం ఏఓఎస్ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు, తోడు సర్ఫాక్టెంట్ కావాలి. సరఫరాదారు పత్రంలోని ఆకర్షణీయమైన అంకెలు మామూలు వాతావరణ పీడనంలో, వాయువు లేకుండా కొలిచినవని గమనించాలి.

సున్నపురాయిలో మాత్రం దీన్ని సిఫారసు చేయలేను. ఆమ్ల నీరు ఆ రాతిలోని ప్రధాన ఖనిజమైన కాల్సైట్‌ను కరిగించి కాల్షియం అయాన్లను విడుదల చేస్తుంది. చాలా సల్ఫోనేట్లకంటే ఏఓఎస్ కఠిన జలాన్ని బాగానే తట్టుకున్నా, ఆ ఓర్పుకూ హద్దుంది, అది దాటితే అవక్షేపం ఏర్పడి రంధ్రాలు మూసుకుపోవచ్చు. పైగా ధనావేశమున్న ఆ రాతి ఉపరితలం రుణావేశ సర్ఫాక్టెంట్‌ను పట్టేసుకుంటుంది, అంటే కొన్న సరుకులో చాలా భాగం చమురును చేరకముందే ఖర్చయిపోతుంది. ఇటువంటి నష్టాన్ని తగ్గించడానికి సాధారణంగా సోడియం కార్బొనేట్ అనే క్షారం కలుపుతారు, కానీ ఇక్కడ అది కరిగిన కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి బైకార్బొనేట్‌గా మారిపోతుంది. క్షారం పనీ పోతుంది, మనం శ్రమపడి కరిగించిన వాయువూ పోతుంది. కార్బొనేటెడ్ నీటినీ సోడియం కార్బొనేట్‌నూ కలిపి అమ్మజూపేవారిని, ఈ రెండూ ఒకదాన్నొకటి ఖర్చు చేసుకోవా అని అడిగితే చాలు.

నురగ సంగతి రెండువైపులా ఉంటుంది. ఉత్పత్తి బావి దగ్గర ఒత్తిడి తగ్గి వాయువు బయటపడినప్పుడు, ఏఓఎస్ నురగ దాని వేగాన్ని అదుపు చేస్తుంది, కానీ పైకి వచ్చాక సెపరేటర్‌లో (చమురు, నీరు, వాయువులను విడదీసే పాత్రలో) అదే నురగ తలనొప్పి అవుతుంది, నురగ నివారిణికి అదనపు ఖర్చు తప్పదు. ఉక్కు గొట్టాల తుప్పు నివారణ ఖర్చు వేరే.

ఇసుకరాయి, మితమైన లవణీయత ఉన్న చోట తోడు సర్ఫాక్టెంట్‌తో వాడటానికి ఈ సరుకు అనువైనదే. ఆర్డరు పెట్టేముందు మాత్రం మీ నిక్షేపపు ఒత్తిడి, ఉష్ణోగ్రతల్లో, మీ ఉప్పునీటిలో, కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉండగా కొలిచిన అధిశోషణం (రాతికి అంటుకుపోయే సర్ఫాక్టెంట్ మొత్తం), తలతన్యత వివరాలు రాతపూర్వకంగా అడగండి; అవి ఇవ్వనివారి దగ్గర నమూనా డబ్బా మించి కొనవద్దు.