ఎక్స్‌సేవ్ ఆపితే ఏవీఎక్స్ సంగతేంటి: చేతి జాబితా, పట్టిక

భీమవరం, కాకినాడ కాలేజీల్లో లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) చదువుతున్నవాళ్లు, ఒక ప్రాసెసర్ ఫీచర్‌ని ఆపినప్పుడు దాని మీద ఆధారపడినవాటినీ ఆపే రెండు పద్ధతులను, అంటే చేతి జాబితానీ పట్టికనీ, పక్కపక్కన పెట్టి చూడాలి.

ప్రాసెసర్ ఫీచర్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. ధవళేశ్వరంలో కాలువ తలుపులు దించేస్తే కింద పిల్లకాలువలకు నీళ్లు అందనట్టే, ఎక్స్‌సేవ్ (XSAVE, రిజిస్టర్ల స్థితిని దాచి తిరిగి తెచ్చే సదుపాయం) ఆపితే ఏవీఎక్స్ (AVX, ఒకేసారి చాలా సంఖ్యల మీద లెక్క చేసే ఆదేశాలు), దాంతోపాటు దాని మీద ఆధారపడిన ఎఫ్ఎంఏ, ఏవీఎక్స్2, ఏవీఎక్స్512 అన్నీ ఆగాలి.

పాత పద్ధతిలో ఆ పేర్లన్నీ ఆపే చోటే వరసగా రాసేవారు. చదవడానికి తేలికే. కానీ కొత్త ఫీచర్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చేర్చాలి. ఒక్కటి మరిచినా, పనిచేయనిదాన్ని ఉందనుకుని కెర్నల్ ముందుకెళ్తుంది. నాకు భయం అక్కడే.

2018 జనవరిలో విడుదలైన కెర్నల్ 4.15లో పట్టిక వచ్చింది. వరసకు రెండే పేర్లు: ఏది, దేని మీద. ఏవీఎక్స్2కి ఏవీఎక్స్, ఏవీఎక్స్‌కి ఎక్స్‌సేవ్. ఒకటి ఆపగానే, ఇంకా ఆపాల్సింది ఏదీ మిగలనంతవరకు కెర్నల్ పట్టికను మళ్లీ మళ్లీ తిరగేస్తుంది. నా ఓటు దీనికే. "ఇది గానీ, అది గానీ ఉంటే చాలు" అనే షరతు మాత్రం ఇందులో ఇమడదు.

బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే ఆప్షన్ల వరస) నోఎక్స్‌సేవ్ (noxsave) ఇచ్చి, సీపీయూఇన్ఫోలో (/proc/cpuinfo, ప్రాసెసర్ వివరాలు చూపే ఫైలు) ఫ్లాగ్స్ వరస చూడండి: ఏవీఎక్స్2 కనిపించదు.