సిమెంట్ ల్యాబ్ ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కు క్రిస్టళ్లు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

ఎక్స్‌ఆర్‌ఎఫ్ అంటే నమూనాలోని మూలకాలు వెలువరించే ఎక్స్-రేలను బట్టి ఏది ఎంతుందో కొలిచే యంత్రం, ఆ ఎక్స్-రేలను తరంగదైర్ఘ్యం వారీగా విడదీసేది క్రిస్టల్. ధరల కోట్ చేతికి రాగానే ముందు 2డి (క్రిస్టల్ పొరల మధ్య దూరానికి రెట్టింపు) విలువ చూడండి. ఎక్స్-రే తరంగదైర్ఘ్యం దాన్ని మించితే ఆ క్రిస్టల్ ఆ మూలకానికి పనికిరాదు. లిథియం ఫ్లోరైడ్ 200కు 2డి 4.027 ఆంగ్‌స్ట్రామ్‌లు. కాల్షియం, ఇనుము హాయిగా వస్తాయి, సల్ఫర్ (తరంగదైర్ఘ్యం 5.37) రాదు.

అల్యూమినియం (8.34), సిలికాన్ (7.13) కోసం ఎక్కువగా ఇచ్చేది పీఈటీ (పెంటాఎరిత్రిటాల్ క్రిస్టల్, 2డి 8.74). కౌంట్లు బాగానే ఇస్తుంది, తిప్పలల్లా వేడితోనే. లిథియం ఫ్లోరైడ్ కన్నా కొన్ని రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. అల్యూమినియం పీక్ టూ-థీటా (డిటెక్టర్ నిలిచే కోణం) 145 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత పెద్ద కోణంలో 2డి రవ్వంత మారినా పీక్ జరిగిపోతుంది. కరెంటు పోయి వచ్చాక ఛాంబర్ ఉష్ణోగ్రత కుదురుకోకముందే శాంపిల్ పెడితే అల్యూమినా తక్కువ చూపేది ఇందుకే. పైగా ఎక్స్-రేలకు ఏళ్ల తరబడి గురై ఇది నీరసిస్తుంది కూడా. మానిటర్ శాంపిల్‌లో (యంత్రం నిలకడ చూసేందుకు మళ్లీ మళ్లీ కొలిచే నమూనాలో) అల్యూమినియం, సిలికాన్ కౌంట్లు మాత్రమే తగ్గుతూ, అదే ఫ్లో కౌంటర్‌తో (గ్యాస్ పారే డిటెక్టర్‌తో) చదివే సల్ఫర్ నిలకడగా ఉంటే అనుమానం పీఈటీ మీదే. సల్ఫర్ కూడా తగ్గుతుంటే ముందు పీ-10 గ్యాస్ (ఆర్గాన్-మీథేన్ మిశ్రమం), డిటెక్టర్ విండో చూసుకోండి.

ఇండియం ఆంటిమొనైడ్ (2డి 7.48) సిలికాన్‌కే. అల్యూమినియం దీనికి అందదు కాబట్టి పీఈటీ ఎలాగూ ఉండాల్సిందే. అయినా ఎల్‌ఎస్‌ఎఫ్ (సున్నం మిగతావాటికి సరిపోయేంత ఉందో లేదో చెప్పే లైమ్ సాచురేషన్ ఫ్యాక్టర్) లెక్కలో సిలికాను 2.8తో గుణిస్తాం, దాని తప్పూ అంతే పెరుగుతుంది, రా మిక్స్ కంట్రోల్ దీని మీదే నడిచే చోట పెట్టిన డబ్బు వృథా కాదు.

జెర్మేనియం 111 మాత్రం బేరం లేకుండా తీసుకోవాల్సింది. కాల్షియం కె-బీటా (కాల్షియం వెలువరించే ఎక్స్-రేల్లో ఒకటి, 3.09) రెండో ఆర్డర్‌లో, అంటే తరంగదైర్ఘ్యం రెండింతలైనట్టు, 6.18 దగ్గర, అంటే ఫాస్ఫరస్ (6.16) నెత్తిన కూర్చుంటుంది. పీఈటీతో చదివితే సున్నపురాయిలో లేని ఫాస్ఫరస్ కనబడుతుంది. జెర్మేనియంలో రెండో ఆర్డరే ఉండదు.

సోడియం, మెగ్నీషియంలకు 2డి 50 ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టుపక్కల ఉండే టంగ్‌స్టన్-సిలికాన్ మల్టీలేయర్ (పలుచని పొరలు పేర్చిన కృత్రిమ క్రిస్టల్) తీసుకోండి. పాత టీఎల్‌ఏపీ క్రిస్టల్‌లో థాలియం విషం, తేమకు పాడవుతుంది కూడా. మల్టీలేయర్‌కు కౌంట్లు ఎక్కువ, రిజల్యూషన్ తక్కువ. అందుకే కాల్షియం మూడో ఆర్డర్ (10.08) మెగ్నీషియం (9.89)లో కలిసిపోతుంది. పల్స్ హైట్ విండోతో (ఎక్స్-రే శక్తిని బట్టి వడకట్టే హద్దులతో) కోసేయొచ్చు, కానీ కింది హద్దును మరీ దించకండి. ఆర్గాన్ ఎస్కేప్ పీక్ (డిటెక్టర్ గ్యాస్‌లోని ఆర్గాన్ వల్ల శక్తి తగ్గి కనబడే కాల్షియం సిగ్నల్) 0.73 కేఈవీ దగ్గర, మెగ్నీషియం 1.25కు దిగువన పొంచి ఉంటుంది.

బోరాన్ మల్టీలేయర్ ఆప్షన్‌ను కొట్టేయండి. అది గాజు ఫ్యాక్టరీలకు. టెట్రాబోరేట్ బీడ్‌లో (నమూనాను టెట్రాబోరేట్‌తో కరిగించి చేసే గాజుబిళ్లలో) బోరాన్ మనం పోసిందే.