1,499 రూపాయల కారల్స్ డబ్బా: మూడు స్టార్లు, అందులో రెండు 58వ నంబర్ పాటకే

బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటి డబ్బాలు ఆన్‌లైన్‌లో ఒకే అచ్చులో పది పేర్లతో దొరుకుతున్నాయి, లోపల సరుకు ఒకటే. చెక్క రంగు వేసిన ప్లాస్టిక్ బాక్సు, ముందు జాలీ, పైన నంబర్ కనిపించే చిన్న డిస్‌ప్లే, ఒక రిమోటు, లోపల 200 క్రిస్మస్ కారల్స్ ముందే ఎక్కించి ఇస్తారు. పెన్‌డ్రైవ్ కూడా పెట్టుకోవచ్చు. నవంబర్ ఆఖర్లో మా అమ్మ కోసం కొన్నా.

ఎందుకు కొన్నానో చెప్పకపోతే ఈ రివ్యూ అర్థం కాదు. సెప్టెంబర్లో నాన్న ప్రభువునందు నిద్రించారు. అంతకుముందు రెండేళ్ళు డయాలసిస్, వారానికి మూడుసార్లు తెనాలి నుంచి గుంటూరు, తెల్లారుజామున నాలుగింటికి లేచి టిఫిన్ కట్టుకుని బయల్దేరేవాళ్ళు. ఆ అలవాటు పోక అమ్మకి ఇప్పటికీ నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది, లేచాక ఎక్కడికి వెళ్ళాలో తెలీక మంచం మీద అలా కూర్చుని ఉంటుంది. ఈ ఏడాది ఇంటికి స్టార్ కట్టొద్దంది, ఇల్లిల్లూ తిరిగి పాడే కారల్స్ రౌండ్స్ వాళ్ళని కూడా మా గుమ్మం దగ్గర ఆగొద్దని చెప్పించింది, డప్పు వింటే తట్టుకోలేనంది. సరే డప్పు వద్దు, కానీ పాటే లేకుండా డిసెంబర్ ఎట్లా గడుస్తుంది అని నేనే ఈ డబ్బా తెచ్చిపెట్టా.

ముందు తిట్లు. మొదటి 40 పాటలు ఉత్త గంటలు, బీట్లు, మంచు, బండి, జింకలు. షాపింగ్ మాల్లో ఎస్కలేటర్ ఎక్కుతుంటే వినపడే బాపతు. పది పాటలయ్యాక అమ్మ అడిగింది, "ఒరేయ్, ఇందులో యేసయ్య ఎప్పుడొస్తాడ్రా?" అని. నాకు సమాధానం లేదు. పైగా ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఆపిన చోట నుంచి రాదు, ఒకటో పాట నుంచి ఫుల్ సౌండ్‌తో మొదలెడుతుంది, తెల్లారుజామున నాలుగింటికి ఆ గంటలు వింటే పక్కింటి వాళ్ళు కూడా లేస్తారు. బ్యాటరీ పది గంటలని రాశారు, ఐదు వస్తే గొప్ప. వాల్యూమ్ 12 దాటితే జాలీ దగ్గర జుయ్‌మంటుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, చరణాలు కోసెయ్యడం ఒక ఎత్తు. అసలు నాకు కోపం వచ్చింది దీనికే. జాయ్ టు ద వరల్డ్ అందరికీ తెలిసిందే కదా, ఐజాక్ వాట్స్ బైబిల్లోని 98వ కీర్తన పట్టుకుని 1719లో అచ్చు వేయించిన పాట, అందులో మూడో చరణం ఈ డబ్బాలో లేదు. ఆ చరణంలోనే ఆదికాండం మూడో అధ్యాయం ఉంది, ముండ్ల తుప్పలు, గచ్చపొదలు, నేలకి తగిలిన శాపం, ఆ శాపం ఎంతదూరం పాకిందో యేసయ్య దీవెన కూడా అంతదూరం వస్తుందని. అది తీసేస్తే మిగిలేది పండగ సంబరం ఒక్కటే, ఎందుకు సంబరమో చెప్పే ముక్క పోయింది. ఇట్ కేమ్ అపాన్ ద మిడ్‌నైట్ క్లియర్ కూడా అంతే, 1849 నాటి పాట, రాసిన ఎడ్మండ్ సియర్స్ అమెరికాలో పాస్టరు, యుద్ధాలు చేసుకునే మనుషులకి దూతల పాట వినబడట్లేదని ఒక చరణమంతా బాధపడతాడు, కోశారు. పుణ్యానికి బరువుల చరణం ఉంచారు, మోత కింద నడుం వంగి కొండదారిలో అడుగు తీసి అడుగేస్తున్నవాళ్ళని పిలిచి, దారి పక్కన కాస్త కూర్చుని దూతల పాట వినండి అంటుందది. అమ్మకి ఇంగ్లీషు రాదు, నేను పక్కన కూర్చుని ఇట్లా తెలుగులో చెప్తుంటే "మీ నాన్న గురించి రాశాడా ఏంది" అంది. గుంటూరు బస్సు మెట్లెక్కడానికి నాన్న పడ్డ అవస్థ ఇద్దరికీ గుర్తొచ్చింది, ఆ పూట ఇంకో పాట పెట్టలేదు.

అయినా మర్నాడు హైదరాబాద్ వచ్చాక రిటర్న్ పెట్టేశా. ఏడు రోజుల గడువుంది కదా, వేరేది చూద్దాం అనుకున్నా. రెండ్రోజులకి ఫోన్, "ఆ డబ్బా వెనక్కి పంపొద్దు, 58 ఉంది అందులో" అని. ఇంగ్లీషు పేర్లు చదవడం రాదు కాబట్టి నంబర్లతో గుర్తుపెట్టుకుంటోంది, ఇది మా వాళ్ళకి కొత్తేం కాదు, గుళ్ళో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడేది కూడా నంబర్ చెప్పే కదా. ఏంటా 58 అంటే "జోలపాటరా, కానీ జోలపాట ఇంత దిగులుగా ఎందుకుంది" అంది. లిస్ట్ తీసి చూస్తే కోవెంట్రీ కారల్.

అమ్మకి భాష రాకపోయినా చెవి మోసపోలేదు. అది జోలపాటే. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ కోవెంట్రీ ఊళ్ళో వేసే బైబిల్ నాటకంలోది, యేసయ్య పుట్టాడని తెలిసి ఊళ్ళో మగపిల్లలందర్నీ చంపమన్న రాజు హేరోదు, అతని సైనికులు వచ్చేముందు బేత్లెహేము తల్లులు చంకల్లో పిల్లల్ని ఊపుతూ పాడే పాట. పిల్లాడు ఏడిస్తే దొరికిపోతాడు, అందుకని నిద్రపుచ్చడం. 1940 నవంబర్ 14 రాత్రి అదే ఊరి మీద జర్మన్లు బాంబులేస్తే కెథడ్రల్ కాలిపోయి గోడలే మిగిలాయి, ఆ క్రిస్మస్‌కి ఆ శిథిలాల్లో నుంచుని ఈ పాటే పాడితే బీబీసీ రేడియోలో వచ్చింది. ఇదంతా ఫోన్లో చెప్పా. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత బైబిల్ తెచ్చుకున్నట్టుంది, పేజీలు తిప్పే చప్పుడు వినిపించింది. మత్తయి రెండో అధ్యాయం, రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ "ఓదార్పు పొందనొల్లక" అనే మాట చదివింది. చదివి, "మీ నాన్న పోయాక పెట్టిన ఆదరణ కూడికలో అందరూ ఏడవొద్దు ఏడవొద్దు అన్నారు. ఈవిడని ఎవరూ ఊరుకోమనలేదు చూడు" అంది. మత్తయి ఆ మాట ఎత్తి రాసింది యిర్మీయా గ్రంథంలోంచి, అక్కడ ఆ తర్వాత వచనంలో దేవుడే ఊరుకోమంటాడు, అది వేరే సంగతి, మత్తయి మాత్రం అక్కడితో ఆపేశాడు. నలభై ఏళ్ళుగా ప్రతి డిసెంబర్ ఆ అధ్యాయం వింటున్నా, జ్ఞానులు, బంగారం, సాంబ్రాణి దగ్గరే ఆగిపోయాను గానీ యేసయ్య పుట్టిన ఊళ్ళో అన్ని ఇళ్ళల్లో ఏడుపులున్నాయన్న సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ ఏడుపుల మధ్యకే వచ్చాడాయన. నాకది ఈ డబ్బా నేర్పిందని చెప్పుకోడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

112 సైలెంట్ నైట్. ఇది బాగా రికార్డ్ చేశారు, ఒక గిటార్, ఇద్దరు గాయకులు అంతే, 1818 క్రిస్మస్ ముందు రాత్రి ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దగ్గర ఓబెర్న్‌డోర్ఫ్ గుళ్ళో మొదటిసారి పాడింది కూడా గిటార్‌తోనే. యోసెఫ్ మోర్ అనే కుర్ర ఫాదరు రెండేళ్ళ ముందు, 1816లో, మాటలు రాశాడు, నెపోలియన్ యుద్ధాలతో ఊళ్ళు చితికిపోయి, అంతకుముందు ఏడాది ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలిన పొగకి ఎండాకాలమే రాక పంటలు పోయిన సంవత్సరం అది. తిండి లేని ఏడాదిలో నెమ్మదిగా నిద్రపో అని పాట రాశాడు చూడండి. మా అమ్మ దాని మీద తెలుగు శుద్ధరాత్రి పాడుతుంది, కాకపోతే మా గుళ్ళో సాగదీసి పాడతారు, డబ్బా వాళ్ళు ముందే అయిపోతారు, అమ్మ ఆఖరి లైను ఒక్కతే పాడుకుంటుంది.

కొనేవాళ్ళకి: మొదటి 40 వదిలెయ్యండి, 51 నుంచి 120 దాకా క్వయర్ పాటలు, డబ్బులు వాటికే. తెలుగు పాట ఒక్కటీ లేదు, అవి పెన్‌డ్రైవ్‌లో మీరే ఎక్కించుకోవాలి. ఒక స్టార్ బాక్సుకి, రెండు 58కి. చరణాలు కోసినందుకు రెండు కట్.

నిన్న మళ్ళీ ఫోన్ చేసింది. "171లో గంటలు మోగుతాయే, ఆయన ఆఖర్న ఏమంటాడో మళ్ళీ చెప్పు." అది అమెరికా కవి లాంగ్‌ఫెలో రాసింది, 1863, భార్య రెండేళ్ళ క్రితం మంటల్లో కాలి చనిపోయింది, కొడుక్కి అమెరికా సివిల్ వార్‌లో నెల క్రితమే తూటా తగిలింది, భూమ్మీద శాంతి ఎక్కడుంది అని తల దించుకుంటాడు, అప్పుడు గంటలు ఇంకా గట్టిగా మోగుతాయి, దేవుడు చచ్చిపోలేదు, నిద్రపోవట్లేదు అని. "కునుకడు నిద్రపోడు," అంది అమ్మ, "121వ కీర్తన. నాన్న భూస్థాపన రోజు అయ్యగారు చదివింది." అవునన్నా. "సరే పెట్టెయ్, ఛార్జింగ్ అయిపోతోంది" అంది, ఫోన్‌దో డబ్బాదో చెప్పలేదు.