కడపలో కొన్న సిగరెట్ ప్యాకెట్: పెట్టెకు మంచి మార్కులు, అమ్మే తీరుకు కాదు

కడప ఏడురోడ్ల కూడలి దగ్గరి బంకులో కొన్న సిగరెట్ ప్యాకెట్‌ను, లోపలి సరుకు సంగతి పక్కన పెట్టి, కేవలం పెట్టెగా పరిశీలించి రాస్తున్న సమీక్ష ఇది. ప్యాకెట్ ముందు వెనుక భాగాలలో 85 శాతం హెచ్చరికకే ఇవ్వాలన్న నిబంధన 2016 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది; అందులో 60 శాతం బొమ్మ, 25 శాతం అక్షరాలు. ఈ ప్యాకెట్ ఆ కొలతలను పాటించింది. పుండుపడిన గొంతు బొమ్మ చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. మానాలనుకునేవారు ఉచితంగా ఫోన్ చేయడానికి 1800-11-2356 నంబరు కూడా ఉంది. అయితే అక్షరాలు ఒకవైపు ఇంగ్లిషులో, మరోవైపు హిందీలో ఉన్నాయి గానీ తెలుగు ఎక్కడా లేదు. ఆ బంకుకు వచ్చే హమాలీలలో, ఆటో డ్రైవర్లలో ఆ రెండు భాషలూ చదవలేనివారికి ఇది పెద్ద లోటు.

మిగిలిన 15 శాతంలోనే కంపెనీ తన రంగునూ, మెరిసే అక్షరాలనూ ఇరికించింది. బంకులో ప్యాకెట్లను ఆ అంచు మాత్రమే బయటికి కనిపించేలా పేర్చారు కాబట్టి, దూరం నుంచి చూస్తే ప్రకటన బోర్డులాగే ఉంది.

ఈ అవకాశాన్నే ఆస్ట్రేలియా 2012 డిసెంబరులో పూర్తిగా మూసేసింది. అక్కడ ప్యాకెట్లన్నీ ఒకే ముదురు మట్టిరంగులో ఉండాలి, బ్రాండు పేరు నిర్ణీత అక్షరాలలో, నిర్ణీత స్థానంలోనే ఉండాలి, లోగోకు చోటు లేదు. ఇది ట్రేడ్‌మార్క్ హక్కులకు భంగమనీ, అవసరానికి మించి వాణిజ్యాన్ని అడ్డుకుంటోందనీ హోండురాస్, డొమినికన్ రిపబ్లిక్, క్యూబా, ఇండోనేషియా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 2018లో విచారణ బృందం ఆ వాదనలను తోసిపుచ్చింది. హోండురాస్, డొమినికన్ రిపబ్లిక్ అప్పీలు చేయగా 2020లో అప్పీలు విభాగమూ అదే తీర్పును సమర్థించింది. ట్రేడ్‌మార్క్ యజమానికి దక్కేది తన గుర్తును ఇతరులు వాడకుండా ఆపే హక్కే తప్ప, తాను కోరినచోటల్లా దాన్ని ప్రదర్శించుకునే హక్కు కాదన్న ఆ తీర్పులోని వివరణ నాకు పూర్తిగా సబబుగా తోస్తుంది. కనుక మన ప్రభుత్వం ఇలాంటి చట్టం తేవాలనుకుంటే వాణిజ్య నిబంధనలు అడ్డు అనే మాట ఇక నిలవదు. తేవాలనే నా కోరిక.

కానీ ఆ బంకు దగ్గర కాసేపు నిలబడితే అసలు చిక్కు తెలుస్తుంది. వచ్చినవారిలో ఎక్కువమంది "అన్నా, ఒకటియ్యి" అంటారు. యజమాని తెరిచిన ప్యాకెట్‌లోంచి ఒక సిగరెట్ తీసి చేతికిస్తాడు. వారు తాడుకు వేలాడే లైటర్‌తో అంటించుకుని వెళ్లిపోతారు. గొంతు బొమ్మ గానీ, ఫోన్ నంబరు గానీ వారి కంటబడే ప్రసక్తే లేదు. పెట్టె ఎంత వెలిసిన రంగులో ఉన్నా, విడి అమ్మకం సాగినంతకాలం దాని ప్రభావం యజమాని చేతి దగ్గరే ఆగిపోతుంది. అందుచేత ఆస్ట్రేలియా తరహా సాదా ప్యాకెట్ చట్టం వస్తే, విడి సిగరెట్ల అమ్మకంపై నిషేధం, హెచ్చరికలో తెలుగు తప్పనిసరి అన్న నియమం కూడా దానితోపాటే రావాలి.