నైకీ కోవర్ట్ డ్రైవర్: ఏళ్ల తరబడి వాడాక

మా బావగారు 2013లో డల్లాస్ నుంచి వస్తూ తెచ్చిన నైకీ వీఆర్‌ఎస్ కోవర్ట్ డ్రైవర్‌తోనే (గోల్ఫ్‌లో బంతిని అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు) నేను ఇప్పటికీ ఆడుతున్నాను. చిత్తూరులో ఉండేవాడికి గోల్ఫేంటి అంటారేమో. ప్రాక్టీసంతా మిద్దె మీద కట్టుకున్న వలలోకి. అసలు ఆట కావాలంటే పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరు పోవాల్సిందే.

దీని తల, అంటే బంతికి తగిలే కొస, ఎర్రగా ఉంటుంది, వెనక పెద్ద గుంత. ఆ గుంత సోకు కోసం కాదు, బరువును అంచులకు జరపడానికి. అందుకే బంతి మధ్యలో తగలకపోయినా తల అంతగా మెలితిరగదు. నా షాట్లలో సగం మధ్యలో తగలవు, కాబట్టి దీని మీద నాకున్న అభిమానమంతా అక్కడే. లాఫ్ట్‌ను, అంటే బంతి తగిలే ముఖం వెనక్కి వాలి ఉండే కోణాన్ని, 8.5 నుంచి 12.5 డిగ్రీల దాకా మార్చుకోవచ్చు. నేను 11.5 దగ్గర బిగించి మళ్లీ ముట్టుకోలేదు.

బెంగళూరులో తోటి ఆటగాళ్లు మాత్రం "ఏం సార్, బూట్ల కంపెనీ డ్రైవరా?" అని ఆటపట్టిస్తారు. నైకీకి తగిలిన దెబ్బ కూడా ఇదేనని నా అనుమానం. 2000లో టైగర్ వుడ్స్ నైకీ బంతితో గోల్ఫ్ యూఎస్ ఓపెన్‌ను ఏకంగా 15 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఆ బంతి తయారు చేసిచ్చింది మాత్రం టైర్ల కంపెనీ బ్రిడ్జ్‌స్టోన్! తర్వాత సొంత క్లబ్బులొచ్చాయి. 2007 నాటి చదరపు తల సుమో డ్రైవర్ చేసే చప్పుడు గురించి ఇప్పటికీ జోకులేస్తారు. పైగా అందులో కొన్ని బంతిని నిబంధనల పరిమితికి మించి ఎగరగొడుతున్నాయని అమ్మినవాటిని వెనక్కి తెప్పించుకున్నారు. 2013లో గోల్ఫ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్‌ను తెచ్చుకున్నారు, అతను 2014లో రెండు మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీలు) గెలిచాడు కూడా. అయినా జనం నైకీ టోపీ పెట్టుకుని టైటిలిస్ట్, కాలవే, పింగ్ క్లబ్బులే కొన్నారు. 2016 ఆగస్టులో క్లబ్బులు, బంతులు, బ్యాగులు మానేసి, బూట్లు, బట్టలకే పరిమితమవుతామని నైకీ ప్రకటించింది. అదే ఏడాది అడిడాస్ కూడా తన గోల్ఫ్ క్లబ్బుల కంపెనీ టేలర్‌మేడ్‌ను అమ్మకానికి పెట్టింది కాబట్టి, మార్కెట్టే చల్లబడిందనుకోవాలి. వుడ్స్ 2017లో ఆ టేలర్‌మేడ్‌కే మారాడు.

సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తే కొనొచ్చా? కొనొచ్చు, కానీ ముఖం మీద సన్నటి పగుళ్లున్నాయేమో వెలుతురులో చూడండి, లాఫ్ట్ మార్చి బిగించే రెంచి అడిగి తీసుకోండి. గ్రిప్ ఏ కంపెనీదైనా పడుతుంది. షాఫ్ట్ (క్లబ్బు కర్ర) చివర తలలోకి దూరే స్లీవ్ అనే తొడుగు మాత్రం వేరే కంపెనీది పట్టదు. షాఫ్ట్‌లు మార్చి చూసే సరదా ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.