డైమండ్ ఫిల్మా, డీఎల్‌సీనా: ఏది మేలు?

పోయిన వారం తిరుపతిలోనే ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ప్రాజెక్టుకి డైమండ్ ఫిల్మ్ పెంచాలా, డైమండ్ లైక్ కార్బన్ (డీఎల్‌సీ) వేస్తే సరిపోతుందా? రెండూ దాదాపు ఒకటే కదా" అన్నాడు. ఒకటే కాదురా అని అరగంట చెప్పాను. ఈ మాట ఇంకా చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నా.

డైమండ్ ఫిల్మ్ అంటే నిజంగా వజ్రమే. తొలకరి పడగానే జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం వెతుకుతారే, అదే పదార్థం, కాకపోతే సిలికాన్ ముక్క మీద సన్నటి పొరగా మనమే పెంచుతాం. పొర పెంచే మూసిన యంత్రపు గదిలో నూటికి ఒకటో రెండో పాళ్లు మీథేన్, మిగతాదంతా హైడ్రోజన్. రెండు వేల డిగ్రీల పైన కాలే టంగ్‌స్టన్ తీగో, మైక్రోవేవ్ ప్లాస్మానో (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయి వెలిగే వాయువు) ఆ హైడ్రోజన్‌ని విడి పరమాణువులుగా చీలుస్తుంది. అసలు పని చేసేది ఆ విడి హైడ్రోజనే. వేరుశెనగ చేలో కలుపు తీసినట్టు, గ్రాఫైట్‌గా పేరుకునే కార్బన్‌ని ఎప్పటికప్పుడు పీకేస్తూ, వజ్రంగా కట్టుకున్నదాన్ని మాత్రం పెద్దగా ముట్టుకోదు. 1980ల మొదట్లో జపాన్ వాళ్లు వేడి తీగతోనూ, ఆ తర్వాత మైక్రోవేవ్‌తోనూ ఇది చేసి చూపించాకే ప్రపంచమంతా దీని వెంట పడింది.

ఇందులో ఓపిక చాలా కావాలి. నున్నటి సిలికాన్ మీద వజ్రం దానంతట అది సరిగా మొలవదు, ముందు నానో డైమండ్ పొడి కలిపిన ద్రవంలో ముక్కని వేసి అల్ట్రాసోనిక్ బాత్‌లో పెట్టి విత్తనం వేయాలి. వేడి తీగ పద్ధతిలో పొర గంటకి ఒక మైక్రాన్ అటూ ఇటూగా పెరుగుతుంది. నేను పనిచేసిన ఒక ల్యాబులో ఆరు గంటలు నడిచాక కరెంటు పోయింది. మీథేన్‌లో కాలీ కాలీ తీగంతా కార్బైడ్‌గా మారి గాజు కడ్డీలా పెళుసైపోయి ఉంటుంది కదా, చల్లారేసరికి రెండు ముక్కలైంది. మళ్లీ తీగ కట్టడం, మళ్లీ విత్తనం దగ్గర్నుంచి మొదలు. అందుకే వేడి తీగ పెట్టాలనుకునే వాళ్లకి నేను మొదట అడిగేది యూపీఎస్ ఉందా అనే.

డీఎల్‌సీ కథ పూర్తిగా వేరు. అందులో వజ్రంలో ఉండే బంధాలు కొన్ని, గ్రాఫైట్‌లో ఉండేవి కొన్ని, చాలా రకాల్లో కాస్త హైడ్రోజన్ కూడా కలగాపులగంగా ఉంటాయి. స్ఫటికం ఉండదు. మీథేన్ గానీ అసిటిలీన్ గానీ పంపి 13.56 మెగాహెర్ట్జ్ ప్లాస్మా వెలిగిస్తే, అయాన్లు వచ్చి కొట్టే ఊపుకే పొర గట్టిపడుతుంది, బయటి నుంచి ముక్కని కాల్చక్కర్లేదు. ప్లాస్టిక్ మీద కూడా వేయొచ్చు. అదే వజ్రానికైతే ముక్క 700 నుంచి 900 డిగ్రీల దాకా వేడెక్కాలి. అల్యూమినియం 660కే కరిగిపోతుంది, అల్యూమినియం వైరింగ్ అయిపోయిన చిప్ మీద ఆ వేడిలో వజ్రం పెంచుతానంటే ఎలా కుదురుతుంది?

డీఎల్‌సీకీ ఒక జబ్బుంది, లోపలి ఒత్తిడి. మందం చేద్దామని ఎక్కువసేపు నడిపిన పొర ఒకటి నాకు బాగా గుర్తు. సాయంత్రం తీసినప్పుడు అద్దంలా మెరుస్తూ నెమలికంఠం రంగులో ఉంది. మర్నాడు పొద్దున డబ్బా మూత తీస్తే, పాత ల్యాండ్‌లైన్ ఫోన్ తీగలా మెలికలు మెలికలుగా లేచి, అంచుల్లో చుండ్రులా రాలుతోంది. గాలిలో తేమ ఉంటే ఇంకా తొందరగా లేస్తుంది. పలచగా వేయడం, కింద సిలికాన్‌తోనో క్రోమియంతోనో ఒక పట్టు పొర వేయడం, ఇవే మందులు.

ఇక అందరూ బోల్తా పడేది వేడి దగ్గర. రాగి వేడిని మోసే శక్తి సుమారు 400 వాట్ పర్ మీటర్ కెల్విన్, సిలికాన్‌ది 150 దాకా. మంచి స్ఫటిక వజ్రం 2000 దాటుతుంది, శ్రద్ధగా పెంచిన పాలీక్రిస్టలైన్ పొర (చిన్న చిన్న స్ఫటికపు గింజలు అతుక్కున్నది) కూడా వెయ్యి దాటగలదు. డీఎల్‌సీది? ఒకటో రెండో, అంతే. పేరులో డైమండ్ ఉంది కదా అని చిప్ చల్లబడడానికి డీఎల్‌సీ పూస్తే జ్వరం వచ్చినవాడికి ఇంకో రగ్గు కప్పినట్టే. పొర పలచన కాబట్టి పెద్ద నష్టం లేకపోవచ్చు, లాభం మాత్రం రాదు. పైగా హైడ్రోజన్ ఉన్న రకం 300, 400 డిగ్రీలు దాటితే మెల్లగా గ్రాఫైట్ వైపు జారిపోతుంది.

కాబట్టి గాలియం నైట్రైడ్ లాంటి పవర్ చిప్‌ల వేడి దించాలన్నా, వజ్రంతోనే ట్రాన్సిస్టర్ చేయాలన్నా, నా ఓటు డైమండ్ ఫిల్మ్‌కే. దాని బ్యాండ్ గ్యాప్, అంటే కరెంటు మోయడానికి ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి మెట్టు, 5.47 ఎలక్ట్రాన్ వోల్టులు, సిలికాన్‌ది 1.12. బోరాన్ కలిపి పీ టైప్ (ఎలక్ట్రాన్ ఖాళీలతో కరెంటు నడిచే రకం) చేయడం కుదురుతుంది, ఎన్ టైప్ (ఎలక్ట్రాన్లతో నడిచే రకం) దగ్గర మాత్రం ఇప్పటికీ తంటాలే, ఎందుకంటే ఫాస్ఫరస్ కలిపినా మామూలు వేడిలో ఎలక్ట్రాన్లు సరిగా వదలదు. గీతలు పడకుండా, అరగకుండా, తుప్పు పట్టకుండా కాపాడాలంటే డీఎల్‌సీని మించింది లేదు. హార్డ్ డిస్క్ పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల కార్బన్ పొరే ఇన్నేళ్లుగా డేటాని కాపాడుతోంది. మధ్యలో నానో క్రిస్టలైన్ డైమండ్ అని ఒకటుంది, నున్నగా వస్తుంది గానీ గింజల హద్దులు పెరిగి వేడి మోయడం తగ్గుతుంది.

ఆ తమ్ముడికి ఉన్నది మూడు నెలలు. డీఎల్‌సీయే వేసుకో, మందం వంద నానోమీటర్లు దాటనీకు అన్నాను. పీహెచ్‌డీకి వెళ్తే అప్పుడు డైమండ్ పట్టుకో, చెన్నై మనకి బస్సులో మూడు నాలుగు గంటలే, ల్యాబులో పెంచే వజ్రాల మీద ఐఐటీ మద్రాస్‌లో ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. ఏది చేసినా పేరు పెట్టేముందు రామన్ స్పెక్ట్రం (లేజర్ కాంతి చెదిరే తీరుని బట్టి బంధాలు ఏవో చెప్పే పరీక్ష) తీయించమన్నాను: 1332 సెంటీమీటర్ ఇన్వర్స్ దగ్గర సన్నగా సూదిలాంటి ఒక్క గీత లేస్తే వజ్రం, 1550 చుట్టూ ఎడంవైపు భుజం ఉన్న వెడల్పాటి గుట్ట వస్తే డీఎల్‌సీ. శనివారం వస్తానన్నాడు, సిలికాన్ ముక్కలు కోసి పెట్టాను.